స్వరానికి ఆసరా

పాఠ్యభాగ ఉద్దేశం

పాఠశాలల్లో బ్యాండు శిక్షణ పొందే విద్యార్థులు ఎదుర్కొనే ఇబ్బందులను తెలియజేయడం, బాల సంగీతజ్ఞులకు గురువులు, పోషకులు, సామాన్య గృహస్థులు అందించిన తోడ్పాటును చరిత్రలోని కొన్ని ఘట్టాల ద్వారా వివరించడం, ఆ తోడ్పాటు నేటి పాఠశాలల్లో ఏ రూపంలో ఉండాలో ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

స్వాతంత్ర్య దినోత్సవం నాటి ఉదయం పాఠశాల మైదానంలో పతాకం ఎగురుతుంది. వరుసలు తీరి నిలిచిన బాలబాలికల బ్యాండు జాతీయగీతం వాయిస్తుంది. సుమారు 52 సెకన్లలో గీతం ముగుస్తుంది. చూసేవారు చప్పట్లు కొడతారు. ముందు వరుసలో ట్రంపెట్ పట్టిన విద్యార్థిని మెచ్చుకుంటారు. మిఠాయిలు పంచుతారు. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆ 52 సెకన్ల వెనుక ఎన్ని నెలల సాధన ఉన్నదో, ఆ సాధన వెనుక ఎందరి సహనం ఉన్నదో వారికి తెలియదు. సంగీతం కొందరికి పుట్టుకతోనే అబ్బుతుందని లోకం నమ్ముతుంది. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే అది సగం సత్యమే. ప్రతిభ ఎవరి ఇంట పుడుతుందో చెప్పలేము. అది నిలిచేది మాత్రం దానిని నిలబెట్టేవారు ఉన్నచోటనే.

బ్యాండు సమష్టి విద్య. పెద్ద డోలు అడుగుల నడకను నిర్ణయిస్తుంది. సైడ్ డ్రమ్ము ఆ నడకకు చురుకుదనం ఇస్తుంది. కంచు తాళాలు వరుసకు మెరుపునిస్తాయి. బ్యూగిల్, ట్రంపెట్, వేణువు మొదలైనవి పాటను పలికిస్తాయి. వీటిలో ఏ ఒక్కటి తడబడినా తక్కిన వాద్యాల శ్రమ వృథా అవుతుంది. ఏకాకిగా పాడే గాయకునికి తన గొంతు తాను వింటే చాలు. బ్యాండులోని విద్యార్థి తన వాద్యంతోపాటు పక్కవారి వాద్యాన్నీ వినాలి. వింటూనే అడుగు వేయాలి. తాను వాయించవలసినప్పుడు వాయించడం ఎంత ముఖ్యమో, వాయించకూడనప్పుడు ఆగడం అంత ముఖ్యమని బ్యాండు నేర్పుతుంది. ఇతర పాఠ్యాంశాలు మాటలతో బోధించే క్రమశిక్షణను ఈ విద్య అనుభవంలోకి తెస్తుంది.

ఈ విద్యలో తొలి దశ కష్టతరమైనది. బ్యూగిల్‌కు మీటలు ఉండవు. పెదవుల బిగువును, ఊపిరి ఒత్తిడిని మార్చి మాత్రమే దానిపై స్వరాలు పలికించాలి. ఆ పట్టు దొరికేదాకా వినిపించేది సంగీతం కాదు, రోద. సైడ్ డ్రమ్ము నేర్చుకొనే బాలుడు కుడి ఎడమ చేతుల దెబ్బలు సమానంగా పడేవరకు వారాల తరబడి ఒకే వరుసను చెక్కపలక మీద సాధన చేయాలి. ఆ చప్పుడు ఇంట్లోవారికి విసుగు కలిగిస్తుంది, ఇరుగుపొరుగువారు కోపగించుకుంటారు. "ఆ గోల ఆపి పుస్తకం తియ్యి" అనే మాట సరిగ్గా ఈ సమయంలోనే వినిపిస్తుంది. పాట పలకడానికి ముందే చాలామంది పిల్లలు వాద్యాన్ని వదిలేస్తారు. వారికి ప్రతిభ లేదని పెద్దలు తీర్మానిస్తారు. నిజానికి అక్కడ లోపించినది ప్రతిభ కాదు, ఆసరా.

ఆ తొలి దశను దాటినవారికి పదో తరగతిలో మరొక గండం ఎదురవుతుంది. పరీక్షల పేరుతో వారిని బ్యాండు నుండి తప్పిస్తారు. నాలుగేళ్ళ సాధన ఫలించే వేళకు ఆ విద్యార్థి చేతిలో వాద్యం ఉండదు. అనుభవం గలవారు తప్పుకోవడం వల్ల చిన్నవారికి చూసి నేర్చుకొనే అవకాశం పోతుంది. క్రమంగా వాద్యాలు బీరువాలోకి చేరుతాయి. డ్రమ్ముల తోళ్ళు వదులవుతాయి; లోహవాద్యాలకు చిలుము పడుతుంది.

బాల సంగీతజ్ఞులకు ఆసరా ఇచ్చినప్పుడు ఏమి జరుగుతుందో చెప్పే ఉదాహరణలు సంగీత చరిత్రలో ఉన్నాయి. వాటిలో ఒకటి బ్యాండుతోనే ముడిపడి ఉన్నది. తెలుగులోనూ కృతులు రచించిన రామస్వామి దీక్షితులు కుటుంబంతో మద్రాసు సమీపంలోని మణలి గ్రామానికి చేరగా, అక్కడి మొదలియారు కుటుంబం వారికి ఆశ్రయమిచ్చింది. ఈస్టిండియా కంపెనీవారితో ఆ పోషకులకు సంబంధాలు ఉండడం వల్ల, సెయింట్ జార్జి కోటలో ఆంగ్లేయుల సైనిక బ్యాండును వినే అవకాశం దీక్షితుల కుమారులకు కలిగింది. పెద్ద కుమారుడైన ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలను మనసులో నిలుపుకొని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వరాలుగా ప్రసిద్ధమైన ఆ సరళ రచనలను నేటికీ సంగీతం నేర్చుకొనే పిల్లలు పాడుతున్నారు.

ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 1786లో జన్మించారు. పాశ్చాత్యుల వయొలిన్ ఆ బాలుని ఆకర్షించింది. పోషకులు దానిని పరాయి వాద్యమని తిరస్కరించలేదు. ఒక ఐరోపా ఉపాధ్యాయుని నియమించి, మూడేళ్ళపాటు అతనికి వయొలిన్ నేర్పించారని ప్రసిద్ధి. బాలుస్వామి ఆ వాద్యంపై కర్ణాటక సంగీతాన్ని పలికించారు. కాలక్రమంలో వయొలిన్ కర్ణాటక కచేరీకి విడదీయరాని అంగమైంది. ఒక బాలుని కుతూహలాన్ని గమనించి, దానికి తగిన గురువును చూపించడమే ఆ పోషకులు చేసిన మహోపకారం.

తరువాతి ఘట్టాలు రెండు తెలుగు నేలమీద, 1919 ఫిబ్రవరి నెలలోనే జరిగాయి. మొదటిది మదనపల్లెలో. అక్కడి బిసెంటు థియోసాఫికల్ కళాశాలకు అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాగూరు ఒకనాటి సాయంత్రం 'జనగణమన' గీతాన్ని పాడి వినిపించారు. విద్యార్థులు ఉత్సాహంతో గొంతు కలిపారు. ఆ రోజుల్లోనే ఆయన ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. కళాశాల ప్రధానాచార్యులైన జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశీయురాలు. పాశ్చాత్య సంగీతంలో పట్టభద్రురాలు. ఆమె ఆ గీతానికి స్వరలిపి సిద్ధం చేశారు. 1950 జనవరి 24న ఆ గీతం జాతీయగీతంగా స్వీకృతమైంది. ఒకరి గొంతులోని పాట పదిమందికి ఒకే వరుసలో అందాలంటే దానిని లిపిలో నిలిపేవారు కావాలి. బ్యాండు నేర్పే గురువు ప్రతి విద్యార్థికీ అతని వాద్యానికి తగిన వరుసను రాసి ఇచ్చినప్పుడు ఆ పనినే చేస్తున్నాడు.

రెండవ ఘట్టం విజయనగరానిది. 1919 ఫిబ్రవరి 5న అక్కడి ప్రభువు పూసపాటి విజయరామ గజపతి సంగీత కళాశాలను నెలకొల్పారు. తన కొలువులోని ఒక ఉద్యోగికి అంధుడైన కుమారుడు ఉండగా, ఆ బాలునికి సంగీతం నేర్పించాలన్న సంకల్పమే ఈ కళాశాలకు మూలమని చెబుతారు. ఒక్క బాలుని కోసం ఒక్క గురువును నియమిస్తే సరిపోయేది. అయితే ఒక్కరికి అవసరమైనది ఎందరికో అవసరమై ఉంటుందన్న ఆలోచన ఆ తలుపును అందరికీ తెరిచింది. హరికథా పితామహులుగా ఖ్యాతి వహించిన ఆదిభట్ల నారాయణదాసు ఆ కళాశాలకు తొలి అధ్యక్షులయ్యారు.

ద్వారం వెంకటస్వామినాయుడు జీవితం ఈ కళాశాలతో పెనవేసుకున్నది. 1893లో జన్మించిన ఆయనకు చిన్ననాటి నుండి చూపు మందం. దానివల్ల బడి చదువు సాగలేదు. చదువుకు పనికిరాడని ఆ బాలుని ఒక మూల కూర్చోబెట్టి ఉంటే తెలుగుజాతి ఒక మహావిద్వాంసుని కోల్పోయేది. అన్నగారైన వెంకటకృష్ణయ్య తమ్మునికి వయొలిన్ నేర్పారు. విజయనగరంలో విద్యార్థిగా చేరాలని వచ్చిన ఆయన వాదనను విన్న పెద్దలు, విద్యార్థిగా కాక, ఆచార్యునిగానే నియమించారన్న వృత్తాంతం లోకప్రసిద్ధం. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు. నారాయణదాసు అనంతరం 1936లో ఆయనే ఆ కళాశాల అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో, 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో ఆయనను గౌరవించాయి. మణలిలో ఒక బాలుని చేతికి అందిన వాద్యం, శతాబ్దం దాటిన తరువాత చూపు మందగించిన మరొక బాలునికి బ్రతుకు దారి చూపింది.

ద్వారం వారు అధ్యక్షులుగా ఉన్న కాలంలోనే ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం చేరారు. 1922లో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించిన ఆయన చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో చేతి ఉంగరం అమ్ముకొని బయలుదేరారని చెబుతారు. ఆయన చేరే సమయానికి కళాశాలకు వేసవి సెలవులు. ద్వారం వారి దయవల్ల తలదాచుకోవడానికి చోటు దొరికినా, అది ఎంతోకాలం నిలవలేదు. అటువంటి స్థితిలో ఆ కళాశాలలో గాత్ర అధ్యాపకులైన పట్రాయని సీతారామశాస్త్రి ఆ బాలుని శిష్యునిగా స్వీకరించారు. శాస్త్రిగారు సంపన్నులు కారు. విద్యను మాత్రం రుసుము లేకుండా దానం చేయగలిగారు.

విద్యకు లోటు తీరినా ఆకలి తీరలేదు. బాలుడైన ఘంటసాల జోలె భుజాన వేసుకొని మధుకరం ఎత్తారు. పువ్వు పువ్వునా తేనె సేకరించే తుమ్మెదవలె విద్యార్థి ఇంటింటా కొద్దికొద్దిగా అన్నం స్వీకరించడాన్ని మధుకరం అంటారు. విజయనగరపు గృహిణులు ఆ జోలెలో వేసిన అన్నంతోనే ఆయన సాధన సాగింది. ఆ ఇల్లాండ్రలో ఎవరూ తాము ఒక మహాగాయకుని పోషిస్తున్నామని అనుకొని ఉండరు. ఆకలితో వచ్చిన విద్యార్థికి పిడికెడు అన్నం పెట్టడం వారి దృష్టిలో నిత్యకృత్యం. సెలవుల అనంతరం కళాశాలలో చేరి ఆయన సంగీత విద్యను పూర్తిచేశారు. ఆ తరువాత తెలుగువారి ఇంటింటా వినిపించిన గాత్రానికి గురువు జ్ఞానం ఎంత కారణమో, పేర్లు తెలియని ఆ తల్లుల అన్నం అంత కారణం. అదే ఊరిలో 1935లో జన్మించిన పి. సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థిని కావడం గమనింపదగినది. ఒకరికోసం తెరిచిన తలుపు ఎందరికి దారి అవుతుందో ముందుగా ఎవరూ లెక్కకట్టలేరు.

ఈ వృత్తాంతాలలో బాలునికి అందిన సాయం ఒక్కొక్కచోట ఒక్కొక్క రూపంలో ఉన్నది. ఒకచోట గురువు, ఒకచోట స్వరలిపి, ఒకచోట విద్యాలయం, ఒకచోట పిడికెడు అన్నం. నేటి పాఠశాల బ్యాండుకు ఇవన్నీ కావాలి. అయితే వాటి రూపాలు వేరు.

మొదట కావలసినది నేర్పే గురువు. సంగీత ఉపాధ్యాయుడు లేని పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయునిపైనే బ్యాండు భారం పడుతుంది. ఆయన కవాతు నేర్పగలరు. స్వరం నేర్పడం అందరికీ సాధ్యం కాదు. సైనిక, పోలీసు బ్యాండులలో పనిచేసి విశ్రాంతి పొందినవారి సహాయం అటువంటి చోట ఎంతో విలువైనది. ప్రతి పట్టణంలోనూ పెళ్ళి ఊరేగింపులకు వాయించే బ్యాండు కళాకారులు ఉన్నారు. క్లారినెట్‌ను, ట్రంపెట్‌ను తరతరాలుగా సాధన చేసిన కుటుంబాలు వారిలో ఉన్నాయి. ఊరేగింపు ముగియగానే వారిని పందిరి బయటనే నిలిపివేయడం సమాజానికి అలవాటైంది. అటువంటి కళాకారుని పాఠశాలకు పిలిచి, "మాస్టారూ" అని సంబోధించి, విద్యార్థుల ముందు కుర్చీ వేసి కూర్చోబెడితే పిల్లలకు విద్యతోపాటు సంస్కారమూ అలవడుతుంది.

రెండవది శరీర రక్షణ. సన్నగా ఉన్న బాలుని మెడకు పెద్ద డోలు తగిలించడం అతని వెన్నుకు శిక్ష. ఎవరి శరీరానికి తగిన వాద్యం వారికి ఇవ్వాలి. మూసిన గదిలో డ్రమ్ముల మోత చెవులకు హాని చేస్తుంది. సాధన ఆరుబయట, నీడపట్టున జరగాలి. ఒకరు ఊదిన వాద్యాన్ని మరొకరు ఊదేముందు దాని నోటిభాగాన్ని శుభ్రపరచాలి. పండుగనాడు తెల్లవారుజామున బయలుదేరి, ఖాళీ కడుపుతో ఎండలో నిలిచి బ్యూగిల్ ఊదే విద్యార్థికి కళ్ళు తిరగడం సహజం. వాయించడానికి ముందే అతనికి ఫలహారం పెట్టడం పాఠశాల ధర్మం. నాటి జోలెలో పడిన అన్నానికి ఇది నేటి రూపం.

మూడవది ఖర్చు. తెల్లని దుస్తులు, బూట్లు, తలపాగా కొనుక్కోలేని విద్యార్థి "నాకు ఇష్టం లేదు" అని తప్పుకుంటాడు. పేదరికాన్ని బయటపెట్టుకోవడంకంటె ఇష్టం లేదనడం అతనికి సులభం. ఆ మాట వెనుక ఉన్న అసలు కారణాన్ని గుర్తించి, అతని ఆత్మగౌరవానికి భంగం కలగకుండా దుస్తులు సమకూర్చడం ఉపాధ్యాయుని వివేకానికి పరీక్ష.

నాల్గవది అవకాశం. బ్యాండు బాలురకే తగినదన్న అపోహ ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో జార్ఖండ్ రాష్ట్రంలోని పటమదా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయ విద్యార్థినుల పైపు బ్యాండు పాల్గొన్నది. వెనుకబడిన వర్గాల బాలికల కోసం ఏర్పడిన విద్యాలయాలవి. అవకాశం లభిస్తే గ్రామీణ బాలికలు రాజధాని వీధిలో దేశాధినేతల సమక్షంలో వాయించగలరని వారు నిరూపించారు.

ఐదవది సమయం. చదువుకు, కళలకు నడుమ గోడ ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యా విధానం స్పష్టం చేసింది. దినచర్యలో బ్యాండుకు ఒక పీరియడు కేటాయించి, దానిని మరొక పాఠం కోసం లాక్కోకుండా ఉన్నప్పుడే ఆ మాటకు అర్థం. పదో తరగతి విద్యార్థిని పూర్తిగా తప్పించడానికి బదులు, అతని సాధన వేళను కుదించి, చిన్నవారికి నేర్పే బాధ్యతను అప్పగించవచ్చు. నేర్పడం వల్ల అతని విద్య నిలుస్తుంది. చిన్నవారికి గురువు దొరుకుతాడు.

పోటీలలో బహుమతి గెలవడమే బ్యాండు ప్రయోజనమని భావించడం పొరపాటు. ఆ భావన ఉన్నచోట తడబడేవారిని తొలగిస్తారు. వెనుక వరుసలో తాళం తప్పిన బాలుని పక్కన లయ తెలిసిన విద్యార్థిని నిలిపితే కొద్దిరోజులలోనే ఆ అడుగు సరిపడుతుంది. అభ్యాసము కూసు విద్య అన్న సామెతకు బ్యాండును మించిన ఉదాహరణ లేదు. బ్యాండులో నేర్చినవారందరూ ద్వారం వారో ఘంటసాల వారో కాలేరు, కానవసరం లేదు. ఎక్కువమంది ఇతర వృత్తులలో స్థిరపడతారు. అయినా పదిమందితో కలిసి ఒక పని చేయడం, తన వంతు కోసం వేచి ఉండడం, పక్కవారిని వినడం వారి స్వభావంలో భాగమవుతాయి. మంచి శ్రోతలు కూడా వారిలోనుండే తయారవుతారు. శ్రోతలు లేనిదే విద్వాంసుడు లేడు.

తెలుగులో తాళం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. గానానికి వేసేది ఒకటి, బీరువాకు వేసేది మరొకటి. పాఠశాలలో ఏ తాళం పడాలో నిర్ణయించేది విద్యార్థులు కాదు, పెద్దలు. వచ్చే స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఏదో ఒక పాఠశాలలో 52 సెకన్ల జాతీయగీతం తడబాటు లేకుండా వినిపిస్తే, ముందు వరుసలోని విద్యార్థితోపాటు, అతనికి వాద్యం అందించినవారిని, వరుస రాసి ఇచ్చినవారిని, తెల్లవారుజామున లేచి ఇడ్లీలు వండి పెట్టినవారిని కూడా తలచుకోవాలి. ఆ చప్పట్లలో వారికీ వంతు ఉన్నది.

పదాలు – అర్థాలు

ఆసరా = ఆధారం, అండ
సమష్టి = అందరూ కలిసినది
రోద = వినసొంపుగా లేని ధ్వని
చిలుము = లోహంపై పట్టే తుప్పువంటి మలినం
కుతూహలం = తెలుసుకోవాలన్న ఆసక్తి
స్వరలిపి = స్వరాలను గుర్తులతో రాసే పద్ధతి
జోలె = భిక్ష కోసం భుజాన వేలాడదీసే గుడ్డ సంచి
మధుకరం = ఇంటింటా కొద్దిగా సేకరించే అన్నభిక్ష
కూసు విద్య = సులభమైన విద్య

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. విజయనగరం సంగీత కళాశాల బాల సంగీతజ్ఞులకు ఏ విధంగా ఆసరా అయినదో పాఠం ఆధారంగా వివరించండి.
2. పాఠశాల బ్యాండు విద్యార్థులకు నేడు అందవలసిన తోడ్పాటును విశదీకరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బాలుస్వామి దీక్షితులకు మణలి పోషకులు చేసిన మహోపకారం ఏమిటి?
2. బ్యాండు విద్యార్థులు తొలి దశలోనే వాద్యాన్ని వదిలివేయడానికి కారణాలేవి?
3. మధుకరం అంటే ఏమిటి? ఘంటసాల జీవితంలో దాని ప్రాముఖ్యం తెలపండి.
4. పెళ్ళి బ్యాండు కళాకారులను పాఠశాలకు ఆహ్వానించడం వల్ల కలిగే ప్రయోజనాలు రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విజయనగరం సంగీత కళాశాల తొలి అధ్యక్షులెవరు?
2. మదనపల్లెలో 'జనగణమన' గీతానికి స్వరలిపి సిద్ధం చేసినదెవరు?
3. ద్వారం వెంకటస్వామినాయుడుకు వయొలిన్ నేర్పినదెవరు?
4. బ్యూగిల్‌పై స్వరాలను ఎలా పలికిస్తారు?

ఈ) కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి
మహోపకారం, దినోత్సవం, విద్యాలయం, దేశాధినేత

ఉ) ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక వాద్య కళాకారుని కలిసి, ఆయన ఆ విద్యను ఎవరివద్ద, ఏ పరిస్థితులలో నేర్చుకున్నారో తెలుసుకోండి. నేర్చుకొనే దశలో ఆయనకు ఆసరాగా నిలిచినవారిని గురించి ఒక పుట వ్యాసం రాయండి.